పురిటి ఖర్చు ఎవరిది? గంజాం జిల్లాలో నాలుగు రోజులు

సముద్ర తాబేళ్ళని చూడ్డానికి ఒడిశాలోని గంజాం జిల్లా వెళ్ళి, నిన్న రాత్రి మా శ్రీకాకుళం జిల్లా టెక్కలి చేరాను. మర్చిపోకముందే రాసేద్దామని పొద్దున్నే కూర్చున్నాను. ముఖ్యంగా రెండో రోజు ఒక ముసలాయన అడిగిన ప్రశ్న ఇంకా నన్ను వదల్లేదు.

మా టెక్కలి పక్కనే తేలినీలాపురం. ఏటా సెప్టెంబరు వచ్చేసరికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేసుకుంటాయి. సైబీరియా నుంచి వస్తాయని మావాళ్ళు గట్టిగా నమ్ముతారు. నిజానికి ఈ రెండూ మన ఉపఖండంలోనే తిరిగే పక్షులు. నేను బయాలజీ టీచర్ని కాబట్టి ఏటా పిల్లలకి ఆ సంగతి సరిదిద్ది చెబుతూనే ఉంటాను. కానీ ఊళ్ళో వాళ్ళనే ఇంకో మాటని మాత్రం సరిదిద్దను: "మా ఆడపడుచులు పురిటికొచ్చారు." ఆ ఒక్క మాట వల్లే ఆ ఊళ్ళో ఎవరూ వాటి మీద రాయి వెయ్యరు.

సరిగ్గా అలాగే పుట్టిన ఒడ్డుకే గుడ్లు పెట్టడానికి తిరిగొచ్చే సముద్ర తాబేళ్ళని, ఆలివ్ రిడ్లేలని, ఒకసారైనా చూడాలని చాలాకాలంగా కోరిక. రిపబ్లిక్ డే కలిసొచ్చి నాలుగు రోజులు దొరికాయి.

2026 జనవరి 23, శుక్రవారం: బరంపురం

ఆ రోజు వసంత పంచమి. ఒడిశాలో సరస్వతీ పూజ అంటే పిల్లల పండగ. వీధి వీధికీ పందిరి, పసుపు చీరలు కట్టుకుని నడవడం రాక తడబడే ఆడపిల్లలు, ఆ రోజు పుస్తకం ముట్టుకోకూడదని సంతోషంగా తిరుగుతున్న మగపిల్లలు. మా పెద్దమ్మ కూతుర్ని ఇక్కడ ఇచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. బావవాళ్ళది మూడు తరాలుగా బరంపురమే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, డబ్బులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఇంట్లో కూడా ఒడియానే. రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే అని బావ నాకు వెళ్ళిన ప్రతిసారీ చెబుతాడు, నేను ప్రతిసారీ వింటాను.

పూజ రోజు కాబట్టి చేపలు లేవు. ఖిచుడి, కూరగాయలన్నీ వేసిన డాల్మా, టమాటా ఖర్జూరం కలిపి వండిన తీపి పులుపు ఖట్టా, పక్కన బరంపురం అప్పడాలు. ఆ ఖట్టా మాత్రం నేను మూడుసార్లు వేయించుకున్నాను. భోజనాల దగ్గరే తాబేళ్ళ మాట వచ్చింది. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు నమోదు చేసింది 1994లో, అక్కడి జాలర్లకి ఎప్పట్నుంచో తెలుసు. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. 2024లో గుంపుగా ఒక్క రోజూ రాలేదు. "ఆ ఏడాది ఊళ్ళల్లో ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేనట్టు ఉండేదిరా" అన్నాడు బావ. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఈ ఏడాది ఇంకా మొదలవలేదని, మనం వెళ్ళేటప్పటికి గుంపు కనిపించకపోవచ్చని ముందే చెప్పేశాడు.

జనవరి 24, శనివారం: పొదంపేట

బావ స్కూటరు మీద బయల్దేరాం. ఛత్రపురం దగ్గర ఆగి బరా ఘుగునీ తిన్నాం, అంటే మినపగారెలు, వాటి మీద పోసిన బఠాణీల కూర. ఆకుదొన్నె ముప్పై రూపాయలు. గంజాం దాటాక ఫోన్ చూపించిన దారి పట్టుకుని పొదంపేట వెళ్ళాం. వెళ్ళేసరికి అక్కడ ఊరు లేదు.

ఇళ్ళున్నాయి, సగం సగం. సముద్రం తినుకుంటూ వచ్చి కొన్నింటి ముందుగోడలు పడగొట్టింది, కొన్నింటి పెరడు కోసేసింది. ఒక గోడ మీద రంగులతో రాసిన పెళ్ళి రాత ఇంకా చెరిగిపోలేదు. పెళ్ళికూతురి పేరు కనిపిస్తోంది, ఆ పక్క గోడ పడిపోయింది. అక్కడే వల బాగుచేసుకుంటున్న ఒకావిడ మమ్మల్ని చూసి తెలుగులోనే, "అందరూ కాలనీకి ఎల్లిపోనారు బాబూ, మీరు పాతూరికి వొచ్చేసినారు" అంది. గంజాం ఒడ్డున ఇలాంటి జాలరి ఊళ్ళు చాలా ఉన్నాయి. వీళ్ళని ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఇంట్లో మాట్లాడేది మా శ్రీకాకుళం తెలుగే.

కాలనీకి రోడ్డు మీద తిరిగి వెళ్ళకుండా, కాసేపు ఒడ్డు వెంట నది మొగ వైపు నడుద్దామన్నాను. అలా నడవబట్టే మొదటి తాబేలు కనిపించింది. చచ్చిపోయి ఉంది. రెండడుగుల పైన చిప్ప, మెడ ఉబ్బి, కళ్ళు బయటికొచ్చి. కుక్కలు ఒకవైపు రెక్క తినేశాయి. ఇంకాస్త దూరంలో ఇంకోటి. గంటన్నరలో పదకొండు లెక్కపెట్టాం. తాబేలు నీళ్ళలో బతికినా గాలి కోసం పైకి రావాలి. ట్రాలరు, అంటే పెద్ద వలని నీళ్ళలో ఈడ్చుకుపోయే మరపడవ, దాని వలలో చిక్కితే పైకి రాలేదు, ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ సంగతి క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పడం వేరు, ఆ వాసనలో నిలబడటం వేరు. బావ ఏమీ మాట్లాడలేదు, పదకొండో దాని దగ్గర మాత్రం చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు.

కాలనీలో ఒక ముసలాయన అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టాడు. డెబ్భై దాటి ఉంటాయి. కూర్చునేముందు ఆయన మనవడు నా కాళ్ళకేసి చూసి, "వల మీద సెప్పులు ఎయ్యకండి మాస్టారూ" అన్నాడు మెల్లగా. వలని తొక్కరు, దాటరు, ఇంటికొచ్చిన వాళ్ళయినా సరే. జాగ్రత్తగా నాకు చద్దన్నం గిన్నె ఇచ్చారు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, వేయించిన ఎండు నెత్తళ్ళు. ఒడియా ఇళ్ళలో దీన్నే పఖాళ అంటారు. ఎండలో నడిచొచ్చిన ఒంటికి అదే అమృతం. డబ్బులివ్వబోతే ఆ ఇంటి కోడలు నొచ్చుకుంది.

తాబేలు వలలో పడితే ఏం చేస్తారని అడిగాను. "అది శ్రీకూర్మం సామి గదా బాబూ. వల కోసైనా వొదిలేత్తాం" అన్నాడు తాత. ఆ తర్వాత తన కష్టం చెప్పాడు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర ఒడ్డు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపు మరపడవలు, ట్రాలర్లు వేటాడకూడదు. ఏడు నెలలు. ఈ మధ్యలోనే చేపలు బాగా పడే చలికాలం కూడా. కొడుకులిద్దరూ కేరళ వెళ్ళిపోయారు, ఒకడు బోటు మీద, ఒకడు కట్టుబడి పనిలో. "సర్కారు ఏటా కొంత సొమ్మిస్తాది. నెల తిండికి సరిపోద్ది. ఏడు నెల్లకి సాల్దు."

నాకు తెలిసింది నేను చెప్పాను. ఈ తాబేలు ఒక్క మన దేశానిది కాదు తాతా, ఇక్కడ గుడ్లు పెట్టినవి శ్రీలంక దాకా వెళ్తాయని ట్యాగులు కట్టి చూశారు. అందుకే ఇలా దేశాలు దాటి తిరిగే జంతువులనీ పక్షులనీ కాపాడుకోవాలని 1979లో జర్మనీలో బాన్ అనే ఊళ్ళో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, మన దేశం 1983లో చేరింది, హిందూ మహాసముద్రం చుట్టుపక్కల దేశాలు సముద్ర తాబేళ్ళ కోసమే పెట్టుకున్న ఇంకో ఒప్పందం మీద 2007లో మనవాళ్ళు సంతకం పెట్టారు, అని.

ఆయన అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అప్పుడన్నాడు: "మంచిదే బాబూ. పురిటికొచ్చిన పిల్లని పుట్టింటోళ్ళు సూసుకోవాల, మావు సూసుకుంతన్నాం. మరి పురిటి కరుసు ఎవులు పెట్టాల? అంతా పుట్టింటోళ్ళే పెట్టాలంటే ఎలాగ? అత్తోరు కూడా ఒక సెయ్యెయ్యాల గదా."

మా తేలినీలాపురం మాటే. దానికి ఇలాంటి కొనసాగింపు ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ పూట నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ పూర్తి జవాబు లేదు. కానీ అత్తవారంటే ఎవరో మాత్రం ఆలోచిస్తూ వచ్చాను. అమెరికాని తీసుకోండి. తాబేలు తప్పించుకునే ఏర్పాటు లేని వలలతో పట్టిన రొయ్యలు కొనకూడదని చట్టం చేసుకుంది. ఆ ఏర్పాటు పెద్ద బ్రహ్మవిద్య కాదు: ట్రాల్ వల గొంతులో ఇనప కడ్డీల చట్రం, రొయ్యలు సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైన ఉన్న కంతలోంచి బయటికి పోతుంది. ఇది మా మీద బలవంతమని మన దేశం, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్ళాయి, 1998లో తీర్పొచ్చింది. అమెరికా ఆ నియమాన్ని అమలుపరచిన తీరు తప్పన్నారే తప్ప, తాబేళ్ళని కాపాడాలనుకోవడం తప్పనలేదు. 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్య అమెరికాకి పోవడం లేదు. మా ఆంధ్రా చెరువుల్లో పెంచిన రొయ్య మాత్రం పోతోంది. రొయ్య తినేవాడి పళ్ళానికి, ట్రాలరు యజమాని లాభానికి, మా ఆంధ్రా చెరువు రొయ్యకి, ఈ తాత ఖాళీ పడవకి మధ్య ఒక లెక్క ఉంది. ఆ లెక్కలో ఇప్పటిదాకా ఎక్కువ కట్టినవాడు అందరికంటే తక్కువ ఉన్నవాడు. ఇది నాకు అన్యాయంగానే తోస్తోంది. తాబేళ్ళంటే నాకెంత ఇష్టమైనా సరే.

రాత్రి పది దాటాక ఒడ్డున గస్తీ తిరిగే ఇద్దరు కుర్రాళ్ళతో నడిచాం. ఒకతను ఒడియా, ఒకతను తెలుగు. నియమాలు ముందే చెప్పారు: తెల్ల టార్చి వద్దు, ఫోన్ తియ్యొద్దు, తడి ఇసుక అంచునే నడవాలి, మాట్లాడొద్దు. షష్ఠి చంద్రుడు దిగిపోయాక చీకటి చిక్కబడింది. పన్నెండున్నర ప్రాంతంలో ముందు నడుస్తున్న కుర్రాడు చెయ్యెత్తి ఆపాడు. నీళ్ళ నుంచి పైకి ట్రాక్టరు టైరు ఎక్కినట్టు జాడ, ఆ జాడ చివర ఆమె.

గుంపులో రాకుండా ఒంటరిగా వచ్చింది. వెనక రెక్కలతో ఒకదాని తర్వాత ఒకటి ఇసుక తోడుతోంది, అరచెయ్యి దొన్నెలా చేసి బియ్యం తోడినట్టు. ఒకటిన్నర అడుగు లోతు తవ్వాక గుడ్లు మొదలయ్యాయి, రెండు, మూడు, ఆగి మళ్ళీ రెండు. కళ్ళ నుంచి నీళ్ళు. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పు బయటికి పంపే గ్రంథి పని అని తెలుసు నాకు. అయినా నా కళ్ళు కూడా ఆగలేదు. పూడ్చాక ఒళ్ళంతా ఎత్తి కుదేస్తూ ఆ చోటు దిమ్మిసా కొట్టినట్టు గట్టిపరిచి, వెనక్కి చూడకుండా నీళ్ళకేసి వెళ్ళిపోయింది. మొత్తం ముప్పావు గంట పట్టింది. కుక్కలు, నక్కలు తవ్వేస్తాయని కుర్రాళ్ళు ఆ గుడ్లు లెక్కపెట్టి కంచె వేసిన చోటికి మార్చారు: 112.

ఆమె నీళ్ళలోకి వెళ్ళేముందే తెలుగు కుర్రాడు ముందు రెక్క తడిమి చూశాడు. ట్యాగు లేదు. "ఉంటే నంబరు రాసుకోవాలన్నా" అని, తిరిగి నడుస్తూ 03233 కథ చెప్పాడు. 2021 మార్చిలో ఇదే ఒడిశాలో, గహిర్‌మథ దగ్గర ఒక తాబేలుకి ఆ నంబరు కట్టారు. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలో, రత్నగిరి జిల్లా గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. దాదాపు 3,500 కిలోమీటర్లు. తూర్పు తీరం తాబేళ్ళు వేరు, పడమటి తీరంవి వేరు అనుకుంటున్నవాళ్ళు మళ్ళీ ఆలోచించుకోవాల్సి వచ్చింది. గుహాగర్‌లో ఎవరో ఆ రాత్రి నిద్ర మానుకుని ఇసుకలో వంగి అయిదు అంకెలు చదవబట్టే కదా మనకీ సంగతి తెలిసింది. తెలుగు రాని మరాఠీ మనిషికి, మరాఠీ రాని ఈ కుర్రాడికి మధ్య ఉన్నది ఆ అంకెలే. దేశాల మధ్య ఒప్పందాలు కూడా అడుగున ఇలాంటి పనుల మీదే నిలబడి ఉన్నాయి.

జనవరి 25, ఆదివారం: రంభ

తాతగారి అరుగు మీదే పడుకున్నాం. రథసప్తమి. తెల్లవారకముందే ఆడవాళ్ళు తల మీద, భుజాల మీద జిల్లేడాకులు, రేగుపళ్ళు పెట్టుకుని సముద్రస్నానానికి బయల్దేరారు, మేమూ వెళ్ళాం. వచ్చాక పాలు పొంగించి చిక్కుడాకుల్లో పరమాన్నం. అరసవల్లిలో ఈ రోజు ఎంత జనం ఉంటారో అని ఆ కోడలు నన్ను అడిగింది, ఆవిడ పుట్టిల్లు కళింగపట్నం వైపట.

హుమ్మా దగ్గర ఉప్పుమళ్ళు దాటి రంభ చేరేసరికి పదకొండు. పీతల కూరతో భోజనం నూట ఎనభై. పడవకి రెండు వేలు అడిగి పదిహేను వందలకి ఒప్పుకున్నాడు. బావ ఒడియాలో మాట్లాడబట్టి అంతకి కుదిరింది, లేకపోతే కుదిరేది కాదు.

చిలికా సరస్సు మీద మొదట మా వెంట పడ్డవి గోధుమరంగు తల గల్ పక్షులు. పక్క పడవలో ఒక కుటుంబం వాటికి మిక్చరు విసురుతున్నారు, పిల్లలు కేరింతలు. టిబెట్, మధ్య ఆసియా సరస్సుల దగ్గర పుట్టి హిమాలయాలు దాటి వచ్చిన పక్షి చేత ఉప్పుకారం శనగపిండి తినిపించడం నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. పడవ దగ్గరికి రాగానే చెప్పాను. ఆ తండ్రి కోప్పడలేదు, ప్యాకెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా పడవాయన మంచివాడు. బాతుల గుంపు ఇంకా చాలా దూరంలో ఉండగానే ఇంజను ఆపేసి గడకర్ర తీశాడు. సూదిలాంటి తోకతో పిన్‌టెయిల్ బాతులు, వాటి మధ్య ఈల వేసినట్టు అరిచే విజియన్లు, నీళ్ళ మీద నల్లగా పరుచుకుని. అన్నిటికంటే ఎక్కువ ఉండేది నళబన దీవి దగ్గర, అది ఇక్కడికి దూరం, లోపలికి ఎవర్నీ పోనివ్వరు కూడా. జనవరి లెక్కల్లో ఈ సరస్సు మొత్తం మీద పదకొండు లక్షలకు పైగా పక్షులు తేలిన ఏళ్ళున్నాయి.

చిలికా కూడా ఒకప్పుడు ప్రమాదంలో పడిందే. 1981లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది, తర్వాత మొగ పూడిపోయి ఉప్పు తగ్గి గుర్రపుడెక్క, చెత్తమొక్కలు కమ్మేసి 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకెక్కింది. 2000లో సముద్రానికి కొత్త మొగ తెరిచారు. చేపలు తిరిగొచ్చాయి, 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. ఇంటివాళ్ళు గట్టిగా పూనుకుంటే ఏమవుతుందో ఇది చూపిస్తుంది.

ఇంటివాళ్ళు ఒక్కరే పూనుకుంటే సరిపోదని చెప్పే కథ ఇంకోటుంది. సైబీరియా కొంగ. బాన్ ఒప్పందం కింద ఒక జాతి కోసం దేశాలు చేసుకున్న మొదటి అవగాహన పత్రం దీనికోసమే, 1993లో. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నారు. కానీ అది వచ్చే దారి పొడవునా, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ మీదుగా, వేటగాళ్ళున్నారు, నీళ్ళెండిపోయిన మడుగులున్నాయి. 2002 తర్వాత భరత్‌పూర్‌కి ఒక్కటీ రాలేదు. పుట్టిల్లూ ఉంది, మెట్టినిల్లూ ఉంది, దారిలోనే పిల్ల పోయింది.

సాయంత్రం తిరిగొస్తుంటే ఓ ముప్పై పెద్ద బాతులు వంకర గీతలా పైనుంచి పోయాయి. తల మీద రెండు నల్ల అడ్డగీతలుండే బార్ హెడెడ్ గూస్‌లు. మంగోలియా, టిబెట్ వైపు నుంచి వస్తాయి, హిమాలయాల మీద 7,290 మీటర్ల ఎత్తున ఎగురుతున్నట్టు ట్యాగు కట్టిన ఒక పక్షి దగ్గర నమోదైంది. ఇవి వచ్చే ఆకాశదారి కింద 30 దేశాలున్నాయి. ఆ దేశాలన్నిటి పనినీ సమన్వయం చేసే కేంద్రం మన దేశంలో పెట్టాలని 2024 ఫిబ్రవరిలో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్‌లో జరిగిన బాన్ ఒప్పందం దేశాల సమావేశంలో నిర్ణయించారు. ఇది బావతో చెబితే పడవాయనకి ఒడియాలో చెప్పాడు. ఆయన గడకర్ర ఆపి, "అయితే ఆ ఆఫీసువాళ్ళు ఒకసారి నా పడవ ఎక్కాలి" అన్నాడు. నిజంగానే ఎక్కాలి. ఏ దూరంలో ఇంజను ఆపాలో ఆయనకి తెలిసినట్టు వాళ్ళకి తెలియదు.

జనవరి 26, సోమవారం: మళ్ళీ పొదంపేట

ఇంటికి పోయే ముందు కాలనీకి మళ్ళీ వెళ్ళాం, అక్క పంపిన అప్పడాల కట్ట తాతగారికి ఇవ్వాలని. జెండా ఎగరేసి పిల్లలకి బూంది పంచుతున్నారు. తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు: "బాబూ, ఆ సంతకాలోళ్ళకి మా సంగతి ఎవులైనా సెప్పినారా? మల్లీ ఎప్పుడు కూకుంతారు?"

మార్చిలో కూర్చుంటారు తాతా, బ్రెజిల్‌లో, అన్నాను.

"మార్చిలో అయితే తాబేళ్ళు ఇక్కడే ఉంతాయి" అన్నాడు.

నేను రాస్తానని మాటిచ్చాను, రాశాను. ఇందాక ఆ గస్తీ తిరిగే తెలుగు కుర్రాడికి ఫోన్ చేశాను. దక్షిణపు గాలి ఇంకా తిరగలేదట, గుంపులు రాలేదట. నిన్న రాత్రి ఒంటరివి మూడు వచ్చాయి, ఒడ్డుకి చచ్చి కొట్టుకొచ్చినవి రెండు.